పదకొండు సెకన్ల చీకటి

జంగమ్మ ఫోన్లో మనుషుల ఫొటోలు లేవు. అన్నీ మూసిన తలుపులే.

వసుమతి వేలితో ఒక్కొక్కటే జరుపుతూ పోయింది. నీలం తలుపు. ఇనుప గేటు. సగం దించిన షట్టరు. మళ్ళీ తలుపు. ప్రతిదాని కింద తేదీ, టైము, జాగా పేరు. ప్రతి వీడియోలోనూ ఒకే గొంతు ఎవరో ఒకరి పేరు మూడుసార్లు పిలుస్తుంది. ఎవరూ పలకరు. పలకని ఇళ్ళను అలా వరసగా చూస్తుంటే, పట్టపగలు పదిన్నరకి, కింద ఆబిడ్స్ రోడ్డు మీద హారన్లు మోగుతున్నా, ఆమె చేతుల మీద రోమాలు లేచాయి.

"మా అంజన్ పంపుతడక్కా" అంది జంగమ్మ. "ఆని ఫోన్ల జాగ లేదంట. కోర్టుకు పంపినంక నాకు గూడ పంపి, ఆని దాంట్లకెల్లి తీసేస్తడు. నేనైతే చూడ. ఎవల ఇండ్లో ఏమో. లోపల ఎవలన్న ఉండి పలుకుతలేరేమో అనిపిస్తది."

జంగమ్మ నాంపల్లిలో ఒక ప్రైవేటు దవాఖానలో ఊడుస్తుంది. కొడుకు అంజన్ కోర్టులో ప్రాసెస్ సర్వర్. సమన్లు, నోటీసులు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి ఇచ్చే ఉద్యోగం. పాతవాళ్ళు అమీను అంటారు. ఇంటికి తాళం ఉంటే ఆ కాగితాన్ని ఇద్దరు సాక్షుల ముందు తలుపుకి అంటించి రావాలి. కొందరు గడప తొక్కకుండానే అంటించామని రాసుకొస్తున్నారని, ఇప్పుడు ప్రతిదీ వీడియో తియ్యాలని పెట్టారు. ఉద్యోగం వచ్చి ఎనిమిది నెలలు. నిన్న రాత్రి పోలీసులు అతన్ని హత్య కేసులో పట్టుకున్నారు.

"ఐదు గంటలకు జడ్జి ముందట నిలబెడ్తరంట. ఆడికెల్లి చంచల్‌గూడకే అంటున్రు." జంగమ్మ ఏడవలేదు. కొంగు అంచుని వేలికి చుట్టి విప్పుతూ, మళ్ళీ చుడుతూ కూర్చుంది. "జైల్ల పోరడు బతుకుతడా అక్కా? ఆనికి చీకటంటే భయం."

వసుమతికి వెంటనే జైలు గది, అందులో అంజన్, కప్పుకున్న దుప్పటి, దుప్పటితో అతను చెయ్యబోయే పని, అన్నీ కళ్ళముందు కనబడ్డాయి. ఎప్పుడూ అంతే. కూతురు ఉజ్వల కాలేజీ నుంచి పావుగంట ఆలస్యమైతే ఆమె మనసులో అంబులెన్సు బయలుదేరుతుంది. చదివింది పదో తరగతి. భర్త పోయాక కళ్ళద్దాల దుకాణం పైన ఈ గది కిరాయికి తీసుకుని డిటెక్టివ్ బోర్డు పెట్టినప్పుడు అందరూ నవ్వారు. పదకొండేళ్ళుగా ఆ భయమే ఆమె పెట్టుబడి. అన్నిటికన్నా చెడ్డది ఏం జరిగి ఉంటుందో ముందు అది అనుకుంటుంది. తర్వాత అది కాదని తేల్చడానికి బయలుదేరుతుంది. కొన్నిసార్లు తేలదు.

"ఆ వీడియో ఏది?"

జంగమ్మ చూపించింది. మంగళవారం, పదకొండు గంటల నలభై రెండు నిమిషాలు. నిడివి మూడు నిమిషాల ఇరవై సెకన్లు.

ఆబిడ్స్ వెనక సందులో పాత బిల్డింగు, రెండో అంతస్తు. ఆకుపచ్చ రంగు తలుపు. బయట గొళ్ళేనికి ఇత్తడి తాళం. అంజన్ వేళ్ళు తలుపు కొట్టాయి. టక్, టక్, టక్. "స్నేహలత గారూ, కోర్టు సమన్లు." మళ్ళీ మూడు. మళ్ళీ పేరు. కెమెరా పక్కకి తిరిగింది. తెల్ల లాల్చీలో ఒక ముసలాయన. "ఆవిడ లేరు బాబూ. నిన్న సాయంత్రం తాళం వేసుకుని వెళ్ళారు. నేనే చూశాను." చెప్పి దగ్గాడు. దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. అతని వెనక పొడుగ్గా, వంగిపోయిన నడుముతో ఇంకో ముసలివాడు. బిల్డింగు కింద ఇస్త్రీ చేసే కిషన్. అంజన్ మైదా లై పూసి కాగితం అంటించాడు. అరచేత్తో నాలుగు మూలలూ అదిమాడు. ముసలాయన ఇంకా దగ్గుతూనే ఉన్నాడు. ఇద్దరూ సాక్షి సంతకాలు పెట్టారు. వీడియో ఆగింది.

"స్నేహలత అంటే చచ్చిపోయినామె?"

"ఔ. రిటైరైన టీచరమ్మ. ఒక్కతే ఉంటది. నిన్న పొద్దుగూకంగ ఇంట్ల సచ్చి కనబడ్డది. మా వాడు అంటించిన కాయితం ఆమె పక్కపొంటి దొరికిందంట. మంగళారం మూడు గంటలకు మల్ల ఆడికి పోయిండని, మెట్ల మీద చూసిన అని ఆ ఎదురింటి ముసలాయన చెప్పిండంట. ఆమె అప్పటికి ఊరికెల్లి వచ్చిందంట. మెడల గొలుసు కోసం మావోడే..."

వసుమతి వీడియో రెండోసారి పెట్టింది. మూడోసారి. నాలుగోసారి ఫోన్ కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, ఒక్కచోట ఆపి, వెనక్కి జరిపి, మళ్ళీ చూసింది.

తలుపుకి ఒక అద్దం కన్ను ఉంది. లోపలినుంచి బయటివాళ్ళని చూడ్డానికి బిగించుకునేది. బయటినుంచి చూస్తే లోపలి బాల్కనీ వెలుతురు అందులో ఆవగింజంత మెరుస్తుంది. ఒక నిమిషం పద్నాలుగో సెకను దగ్గర ఆ మెరుపు పోయింది. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టింది. పదకొండో సెకన్లో మళ్ళీ వచ్చింది.

వసుమతి ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టేసింది.

ఆ మెరుపు సంగతి ఆమెకి బాగా తెలుసు. ఉజ్వల తలుపు తీసేముందు కన్నులోంచి చూస్తుందో లేదో పరీక్షించడానికి, వారానికోసారి ఆమె తన ఇంటికే దొంగలా వచ్చి, బెల్లు కొట్టి, పక్కకి నిలబడి ఆ చుక్కనే చూస్తుంది. చుక్క ఆరితే బిడ్డ చూస్తున్నట్టు. ఆరకుండా తలుపు తెరుచుకుంటే ఆ రోజు ఇంట్లో యుద్ధం.

బయట తాళం ఉన్న ఇల్లు. లోపల ఎవరో కన్ను పెట్టి అంజన్‌ని చూశారు.

"ఏమైందక్కా?"

"ఏం లేదు. నువ్వు లే. ఫోన్ నా దగ్గర ఉండనియ్యి." మెట్లు దిగుతూ కూతురికి ఫోన్ చేసింది. "తలుపేసుకున్నవా?"

"ఏసిన. గ్యాస్ బంద్ చేసిన. గీజర్ బంద్ చేసిన. ఇంకా సచ్చిపోలేదమ్మా, చదువుకుంటున్న" అంది ఉజ్వల.

"గా మాట అనకని ఎన్నిసార్లు చెప్పాలె?"

---

స్టేషన్లో ఇన్‌స్పెక్టర్ విజయేందర్ ఆమెని చూడగానే కుర్చీలో వెనక్కి వాలాడు. రెండేళ్ళ కింద అతను మూసేసిన ఒక ఫైలు ఆమె తెరిపించింది. అప్పటినుంచి ఆమెకి అతను పెట్టిన పేరు ఆంటీ.

"రండి ఆంటీ. ఇంటికాడ పాలు పొంగుతున్నయేమో, చూసుకొని వచ్చిన్రా?"

"చూసుకొనే వచ్చిన. పోరడితోని పది నిమిషాలు మాట్లాడాలె."

"వకీలా మీరు?"

"కాదు. వకీలు వస్తే గంట పడతది. నాకైతే పది నిమిషాలే."

విజయేందర్ నవ్వి చెయ్యి ఊపాడు. తన కేసు అంత గట్టిదని అతనికి నమ్మకం.

అంజన్ బెంచీ మీద మోకాళ్ళు దగ్గర పెట్టుకుని కూర్చున్నాడు. గోళ్ళ సందుల్లో ఎండిన లై ఇంకా ఉంది.

"మంగళవారం మూడు గంటలకు ఎక్కడున్నవ్?" వసుమతి నిలబడే అడిగింది.

"ఖైరతాబాద్‌ల మేడం. ఇంకో నోటీస్ ఉండె."

"వీడియో?"

అంజన్ గోళ్ళ సందుల్లోని లై గీక్కున్నాడు.

"నిన్నే అడుగుతున్న. వీడియో ఏది?"

"చార్జింగ్ అయిపోయింది మేడం. ఇంటికి తాళముండె. తెల్లారి పోయి తీద్దామనుకున్న. కాయితం మీద మాత్రం అంటించిన అని రాసిన."

"సాక్షులు?"

"ఊకెనే... రెండు పేర్లు రాసిన."

వసుమతికి అతన్ని చెంపమీద కొట్టాలనిపించింది. ఎవరు ఏ అబద్ధం రాయకూడదని ఈ వీడియోలు పెట్టారో, సరిగ్గా ఆ అబద్ధమే ఆ ఒక్క గంటకి రాశాడు. ఆ గంటలోనే ఆబిడ్స్‌లో ఒక మనిషి ప్రాణం పోయింది. అతను ఖైరతాబాద్‌లో ఉన్నాడని చెప్పేవాళ్ళు ఈ భూమ్మీద లేరు. ఉన్న రెండు పేర్లూ పుట్టని మనుషులవి.

"మీ అమ్మకు చెప్పకు గీ ముచ్చట" అంది. "పదకొండు నలభై రెండుకు స్నేహలత తలుపు కొట్టినవ్. లోపల ఏమన్న వినబడ్డదా?"

"లేదు మేడం."

"సోంచాయించి చెప్పు."

"ఏం వినబడతది మేడం? ఆ ముసలాయన ఒకటే దగ్గు. మంచినీళ్ళు తెచ్చియ్యాల్నా తాతా అని గూడ అడిగిన. వద్దు, నువ్వు పని కానియ్యి అన్నడు."

"తలుపు కొట్టకముందు దగ్గిండా?"

అంజన్ ఆలోచించాడు. "లేదు. కొట్టినంకనే మొదలైంది."

ఆమె విజయేందర్ బల్ల దగ్గరికి వచ్చింది. "శవం పక్కన దొరికిన సమన్లు ఒక్కసారి చూపియ్యి సార్."

ప్లాస్టిక్ కవర్లో ఉన్న కాగితాన్ని అతను తిప్పి చూపించాడు. వెనకవైపు ఎండిన లై, దానికి అంటుకుని ఆకుపచ్చ రంగు పెచ్చులు.

"ఇది తలుపు మీదికెల్లి పీకిన కాయితం. తిరిగొచ్చి చేతికిచ్చేటోడు తలుపు మీదిది పీకి ఎందుకిస్తడు?"

"తాళం తీసి ఉంది, ఆమె ఊరినుంచి వచ్చింది, ఈడే పీకి చేతిలో పెట్టి లోపలికి పోయిండు. దిండు మొహం మీద పెట్టిండు. అయిపాయె." విజయేందర్ వేళ్ళు విరిచాడు. "డాక్టర్ ఏమన్నడో తెలుసా? మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంటకు నాలుగింటికి నడుమ. సోమయాజులు గారు మూడింటికి వీణ్ణి చూసిండు. ఎదురింటాయన. గవర్నమెంట్ ఆఫీసుల హెడ్ క్లర్క్ చేసిన మనిషి."

"ఒంటి మీద ఇంకేమన్న దెబ్బలు?"

"వెల్లికిల పడి ఉండె. నుదుటి మీద కమిలిన మచ్చ. పడ్డప్పుడు తగిలింది."

"వెల్లికిల పడి ఉంటే నుదురెట్ల తగుల్తది?"

వసుమతి ఫోన్ తీసి అతని ముందు పెట్టింది. తలుపు కన్ను మీద వేలు చూపించి నడిపించింది. చుక్క ఆరింది. పదకొండు సెకన్లు. వెలిగింది.

విజయేందర్ రెండుసార్లు చూశాడు. "లోపల ఫ్యాన్ తిరిగిందేమో. పావురం అడ్డమొచ్చిందేమో. ఆవగింజంత చుక్క కోసం కేసు మార్చాల్నా?"

"ఆమెకు సమన్లు ఎందుకొచ్చినయో చదివినవా?"

"సాక్ష్యం చెప్పనీకి."

"దేని గురించి?"

ఆ మాట చదివినట్టు లేడు. ఆమె కవరు మీదుగానే వేలితో చూపించింది. ఆ బిల్డింగు ఓనరు పోయాక బయటపడిన వీలునామా దొంగదని కేసు. దాని మీద సాక్షి సంతకాలు రెండు. ఒకటి స్నేహలతది. ఆ సంతకం తనదో కాదో చెప్పడానికే కోర్టు పిలిచింది. రెండో సంతకం సోమయాజులుది.

"ఐదింటికి వకీలు ఈ వీడియో జడ్జికి చూపిస్తడు" అంది వసుమతి. "అప్పుడు పావురం అని నువ్వే చెప్పుకో. లేదంటే ఇప్పుడు నాతోని ఆ తలుపు కాడికి రా. ఏమన్న దొరికితే పేరు నీదే. నాకు పోరడు చాలు."

విజయేందర్ గడియారం చూశాడు. ఒంటిగంటా ఇరవై. టోపీ తీసుకున్నాడు.

---

బిల్డింగు కింద, మెట్ల పక్కన కిషన్ ఇస్త్రీ బల్ల ఉంది. మనిషి లేడు. ఇస్త్రీపెట్టెలో సగం కాలిన బొగ్గులు చల్లారి ఉన్నాయి. మూటలు కట్టిన బట్టలు అలాగే ఉన్నాయి, ఎవరికీ చేరలేదు. వసుమతి వంగి బల్ల కిందికి చూసింది. అరిగిన రబ్బరు చెప్పులు ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి.

చెప్పులు లేకుండా మనిషి ఎంత దూరం పోతాడు?

రెండో అంతస్తులో ఎదురెదురుగా రెండే తలుపులు. ఆకుపచ్చది స్నేహలతది, కానిస్టేబుల్ కాపలా ఉన్నాడు. గోధుమరంగుది తెరుచుకుంది. సోమయాజులు చేతులు జోడించాడు. ఇస్త్రీ మడత చెదరని తెల్ల లాల్చీ.

"రండి ఇన్‌స్పెక్టర్ గారూ. రండమ్మా. ఎంత ఘోరం. మంచినీళ్ళు తెస్తానుండండి" అన్నాడు. లోపలికి మాత్రం పిలవలేదు. గడప మీదే నిలబడి, తలుపు వీపుకి ఆనించుకుని మాట్లాడాడు.

"సోమవారం ఎన్నింటికి పోయిందండి ఆమె?" అడిగింది వసుమతి.

"ఆరూ ఆరుంబావు. చేతిలో సంచీ ఉంది."

"ఎటు పోతున్నట్టు?"

"చెప్పలేదు. తాళం వేసుకుని వెళ్ళారు. నేనే చూశాను."

"మంగళవారం తిరిగొచ్చింది ఎప్పుడు?"

"రెండింటికి కాస్త అటూ ఇటూ. తాళం తీస్తున్న చప్పుడు విన్నాను. మూడింటికి ఆ కుర్రాడు పైకి వస్తూ కనబడ్డాడు."

"నిన్న సాయంత్రం దాకా మీరు తలుపు తట్టలేదు?"

"ఒంటరి ఆడమనిషి ఇల్లు. ఊరికే తట్టడం మర్యాద కాదు కదమ్మా."

పావుగంట అయింది. వసుమతి మెడ తడుముకుంటూ, ఇంట్లో మందుల గురించి మాట్లాడే తల్లి గొంతుతో అడిగింది. "మీ దగ్గు తగ్గిందాండి? మా ఇంట్ల మిరియాల కషాయం చేస్త. పంపియ్యాల్నా?"

"దగ్గా?" సోమయాజులు నవ్వాడు. "నాకు దగ్గేమిటమ్మా? డెబ్భై ఒకటి నడుస్తోంది, రోజూ ప్రాణాయామం చేస్తాను. జలుబు కూడా చెయ్యదు."

నవ్వు మొహం మీద ఉండగానే కళ్ళు మారాయి. ఆ మార్పు చూసింది వసుమతి ఒక్కతే.

"మంచిది. కిషన్ కనబడతలేడు?"

"ఊరెళ్ళాడు. నిన్న ఉదయం. నేనే చూశాను."

అదే మాట, అదే గొంతు. ఆ మనిషి చూసినవాళ్ళందరూ ఊరెళ్ళిపోతున్నారు.

ఆయన లోపలికి చెయ్యి చాచి గుడ్డ సంచీ అందుకున్నాడు. "మొజంజాహీ మార్కెట్ దాకా వెళ్ళొస్తాను. రాత్రికి పళ్ళే నా భోజనం. మీరు మీ పని చూసుకోండి." తలుపు లాగి, తాళం వేసి, రెండుసార్లు లాగి చూసుకుని మెట్లు దిగాడు. చెప్పుల చప్పుడు తొందరేం లేకుండా కిందికి పోయింది.

"పెద్దాయన్ని మిరియాల కషాయం అడగనీకా నన్ను తెచ్చింది?" అన్నాడు విజయేందర్.

"వీడియోల ఎన్నిసార్లు దగ్గిండో లెక్కపెట్టినవా సార్? నేను పెట్టిన. పద్దెనిమిది సార్లు."

ఆకుపచ్చ తలుపు తెరిచి లోపలికి వెళ్ళింది. గదిలో వస్తువులన్నీ సర్దిన చోటే ఉన్నాయి. గోడ మీద ఫొటోలో స్నేహలత, పిల్లల మధ్య నిలబడి ఉంది. ఐదో తరగతి పిల్లలు ఆమె భుజం దాటుతున్నారు. నుదుట పావలా అంత మెరూన్ బొట్టుబిళ్ళ.

"ఎంత పొడుగు?"

"నాలుగడుగుల ఎనిమిది" అన్నాడు విజయేందర్.

తలుపు లోపలివైపు అద్దం కన్ను ఉండాల్సిన ఎత్తులో లేదు. వసుమతి గడ్డం దగ్గరికి ఉంది. ఆ పొట్టి టీచరమ్మ తన కళ్ళ ఎత్తుకే బిగించుకుంది. వసుమతి వంగింది. కన్నుకి రెండు వేళ్ళ పైన, ఆకుపచ్చ రంగు మీద, ఒక మెరూన్ బొట్టుబిళ్ళ అంటుకుని ఉంది.

"మేం చూసినం" అన్నాడు విజయేందర్. "ఆడోళ్ళు అద్దానికి, తలుపుకి అంటిస్తరు కదా."

"తీసి అంటిస్తే అంచు చక్కగుంటది. దీన్ని చూడు. మధ్యల నలిగి, చుట్టూ రంగు పగిలింది. శవం నొసట బొట్టు ఉండెనా?"

అతను తన ఫోన్లో ఫొటో తెరిచాడు. బొట్టు లేదు. బొట్టు ఉండాల్సిన చోట కమిలిన మచ్చ ఉంది.

"నువ్వు బయట నిలబడు. ఆ కన్నునే చూడు. వీడియో పెట్టుకో, ఒక నిమిషం పద్నాలుగు. దగ్గు వదిలేసి, దగ్గుకు దగ్గుకు నడుమ విను."

తలుపు మూసింది. గది నిశ్శబ్దమైంది. వసుమతి చేతులు వెనక్కి కట్టుకుంది. తనకిష్టం లేకుండానే కాళ్ళు దగ్గరికి జరిగాయి. నోట్లో గుడ్డ కుక్కి ఉంటే ఎలా ఉంటుందో అనుకోగానే ఊపిరి అందలేదు. వంగి కన్ను దగ్గర కన్ను పెట్టింది. గుండ్రటి గాజులో విజయేందర్ వంకరగా, పెద్ద తలతో కనబడ్డాడు. అంజన్ కూడా ఇలాగే కనబడి ఉంటాడు. ఒక చేతిలో ఫోన్, ఇంకో చేతిలో కాగితం. టీచరమ్మ పేరు పిలుస్తూ. జానెడు దూరంలో.

ఆమె నుదుటితో తలుపుని కొట్టింది. ఒకటి. రెండు. మూడు.

బయట ఫోన్లో అంజన్ గొంతు, దగ్గు, దగ్గుకి దగ్గుకి మధ్య మెత్తగా, గుడ్డలో చుట్టినట్టు, దప్. మళ్ళీ దగ్గు. దప్.

తలుపు తెరిచేసరికి విజయేందర్ మొహంలో రక్తం లేదు. టోపీ చేతిలోకి వచ్చింది.

"చుక్క ఆరింది" అన్నాడు. "చప్పుడు... రెండూ ఒక్కతీరే ఉన్నయి."

"ఆమె ఏ ఊరికీ పోలే. సోమవారం సాయంత్రం నుంచి ఇక్కడనే ఉంది. మచ్చలు పడకుండ మెత్తటి గుడ్డలతోని కట్టేసి, నోట్ల గుడ్డ పెట్టి, బయట తాళమేసిండు. సంతకం నాదే అని చెప్పుమని బెదిరించనీకి కావచ్చు. ఆమె కాదంటే ఆయన గూడ దొంగ సాక్షే అయితడు. నడుమల అంజన్ వచ్చిండు. ఆమె కిందమీద పడి తలుపు కాడికొచ్చింది. కొట్టనీకి నొసలు తప్ప ఏం లేకుండె. ఆయన దగ్గుతోని దాన్ని ముంచిండు. పోరడు తెలియక ఆమె మొహం మీదనే కాయితం అంటించి పోయిండు. మధ్యాహ్నం ఆయన పని కానిచ్చి, కట్లు విప్పి, గొలుసు తీసి, కాయితం పీకి పక్కన పెట్టిండు." వసుమతి తలుపు మీది బొట్టు వైపు చూసింది. "అంజన్ ఈ ముచ్చట ఎన్నడూ తెలుసుకోవద్దు."

"బొట్టు, చుక్క, దగ్గు" అన్నాడు విజయేందర్ నెమ్మదిగా. ఈసారి వెటకారం లేదు. "నేను నమ్ముతున్న. జడ్జి నమ్మాలంటే మనిషి కావాలె. విన్న మనిషి."

"ఉన్నడు." ఆమె వీడియో మళ్ళీ పెట్టింది, ఈసారి తలుపు మీద కాకుండా, తెర అంచున కనబడే వెనక మనిషి మీద వేలు పెట్టింది. ఒక నిమిషం పదహారో సెకన్లో కిషన్ తల తిప్పి తలుపు వైపు చూశాడు. తర్వాత సోమయాజులు వైపు చూశాడు. తర్వాత నేల వైపు. "కిషన్ విన్నడు. విన్నడని ఆయనకు గూడ తెలుసు. చెప్పులు కిందనే ఉన్నయి సార్. అంటే కిషన్ మెట్లు ఎక్కిండు. దిగలే."

ఇద్దరూ ఒకేసారి తిరిగారు.

ఎదురుగా గోధుమరంగు తలుపు. బయట తాళం. దానికీ ఒక అద్దం కన్ను ఉంది, మామూలు ఎత్తులో. అందులో మధ్యాహ్నపు వెలుతురు ఆవగింజంత మెరుస్తోంది. పావుగంట సేపు ఆ మనిషి ఈ తలుపునే వీపుతో మూసి నిలబడ్డాడు.

కానిస్టేబుల్ ఏదో అనబోయాడు. వసుమతి చెయ్యి ఎత్తి ఆపింది.

చుక్క ఆరిపోయింది.

ఆమె పెదాలు కదిలాయి. ఒకటి, రెండు, మూడు... విజయేందర్ కూడా లెక్కపెడుతున్నాడని అతని గొంతులో కదలిక చెప్పింది. ఆరు, ఏడు. తలుపు లోపలినుంచి, కింద ఎక్కడో, మెత్తగా, కాలితోనో తలతోనో తెలియకుండా వచ్చింది ఆ చప్పుడు. దప్.

"తాళం పగలగొట్టు" అంది వసుమతి. "కిషన్ బతికుంటే జంగమ్మ కొడుకు బయటికొస్తడు. జల్ది."

విజయేందర్ కానిస్టేబుల్ చేతిలోని లాఠీ లాక్కుని గొళ్ళెంలో దూర్చాడు. దప్, అంది తలుపు మళ్ళీ.

సరిగ్గా అప్పుడే మెట్ల కిందినుంచి దగ్గు వినిపించింది. తెరలు తెరలుగా, ఎవరో గొంతు చించుకుంటున్నట్టు. చప్పుడు వచ్చినప్పుడల్లా దాన్ని కప్పేస్తూ, ఒక్కో మెట్టే పైకి వస్తోంది.